కొవ్వొత్తి చెట్టు చుట్టాలు

(మహబూబ్‌నగర్‌లో జీవశాస్త్ర ఉపాధ్యాయులు, డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మాట మొదలుపెట్టే ముందు మూడు వస్తువులు మీ చేతుల్లోకి పంపుతున్నాను. ఒకటి సరుగుడు కొమ్మ, మనం సర్వి అంటాం. రెండోది వనపర్తి దగ్గర చేన్లో నిన్న సాయంత్రం పీకిన పల్లి మొక్క. వేళ్లకు మట్టి అట్లనే ఉంది, దులపకండి. మూడోది ఈ కాగితం పొట్లం. ఇందులో ఎర్రగా, ముతకగా ఉన్న చెక్క ముక్కలున్నాయి, అంటే చెట్టు బెరడు. మూలికల దుకాణంలో దీన్ని కాయఫలం అని అమ్ముతారు. ఆయుర్వేద గ్రంథాల్లో దీని పేరు కట్ఫలం. ముందు వరుస నుంచి వెనక్కి నిదానంగా పంపించండి. ఎవరూ తొందరపడకండి, గంటసేపు ఉన్నాం.

ఈ మూడింటిలో నేను ఇవాళ మాట్లాడబోయే కుటుంబానికి చెందింది ఒక్కటే, ఆ పొట్లంలో ఉన్న చెక్క. ఆ కుటుంబం పేరు మిరికేసీ. ఆ చెట్టు హిమాలయాల్లో, ఖాసీ కొండల్లో పెరుగుతుంది. మన పాలమూరులో గానీ, నల్లగొండలో గానీ, నల్లమల మొత్తం తిరిగినా గానీ ఈ కుటుంబం మొక్క ఒక్కటి కూడా కనబడదు. మరి లేని మొక్క గురించి ఇక్కడ ఎందుకు అంటారేమో. దాని చుట్టాలు మనింటి ముందరే ఉన్నారు కాబట్టి. ఆ చుట్టరికం బయటపడటానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది కాబట్టి. మొక్క పేరు తెలియడం ఒక పని, దాని చుట్టరికం తెలియడం ఇంకో పని. మన పాఠాల్లో మొదటిదానికే మార్కులు పడుతున్నాయి. రెండోదాని కోసం వచ్చాను.

మైనంతో మొదలుపెడతాను. మైనం అంటే మనకు తేనె మైనమే. అమ్రాబాద్, మన్ననూరు వైపు చెంచులు తేనెపట్టు పిండాక మిగిలే మైనాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. కానీ ఈ కుటుంబంలో కొన్ని జాతులు కాయ మీద తామే మైనం పెట్టుకుంటాయి. అమెరికా తూర్పు తీరంలో మొరెల్లా సెరిఫెరా అనే పొద ఉంది. కొంచెం ఉత్తరాన దాని తోబుట్టువు మొరెల్లా పెన్సిల్వేనికా ఉంది. కాయ మిరియం గింజంత కూడా ఉండదు. బూడిద రంగు, చుట్టూ సున్నం కొట్టినట్టు గరుకు పొర. ఆ కాయల్ని నీళ్లలో మరగబెడితే పొర కరిగి పైకి తేలుతుంది. చల్లారాక పైన గడ్డకట్టినదాన్ని అట్టలాగా ఎత్తుతారు. యూరప్ నుంచి అక్కడికి వెళ్లి స్థిరపడినవాళ్లు దాంతో వత్తులు చేసుకున్నారు. వర్జీనియా గురించి 1705లో రాసిన రాబర్ట్ బెవర్లీ ఈ వత్తుల సంగతి కూడా చెప్పాడు. జిడ్డు అంటదట, ఆరిపోతే గదంతా మంచి వాసన వస్తుందట.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన విషయం ఒకటుంది. ఇంగ్లిష్‌లో దీన్ని వ్యాక్స్ మర్టిల్ అన్నారు. రసాయనం చూస్తే ఆ పొర మైనం కాదు. తేనె మైనంలో కొవ్వు ఆమ్లాలు పొడవాటి ఆల్కహాళ్లతో కలిసి ఉంటాయి. ఈ కాయ మీద ఉన్న పామిటిక్, మిరిస్టిక్ ఆమ్లాలు గ్లిజరాల్‌తో కలిసి ఉంటాయి. అంటే మనం వంటింట్లో వాడే నెయ్యి, కొబ్బరినూనె ఏ వర్గమో ఇదీ ఆ వర్గమే. కొవ్వు. మన భాషలో వెలిగించే వత్తిని ఏమంటాం? కొవ్వొత్తి! కొవ్వుతో చేసిన వత్తి. ఇవాళ అంగట్లో కొనే పారఫిన్ వత్తికి ఆ పేరు నప్పదు గానీ, ఈ చెట్టు వత్తికి అక్షరాలా సరిపోతుంది. అందుకే నేను దీన్ని కొవ్వొత్తి చెట్టు అంటాను. మీరూ తరగతిలో అట్లనే చెప్పొచ్చు, పిల్లలకు గుర్తుంటుంది.

పెన్సిల్వేనికా కాయలో ఎండు బరువులో 32 శాతం దాకా ఈ కొవ్వేనని 2016లో పరిశోధకులు ప్రకటించారు. మొక్కల పైపూతల్లో ఇంత ఎక్కువ అప్పటిదాకా ఎక్కడా నమోదు కాలేదు. మన బాలానగర్ సీతాఫలం మీద వేలితో రాస్తే చెరిగిపోయే తెల్లటి పూత ఉంటుంది చూడండి, అది చాలా పలచన. ఇక్కడేమో కాయలో దాదాపు మూడో వంతు! ఇంత ఖర్చు చెట్టు ఎవరి కోసం పెడుతోంది? పిట్టల కోసం. చాలా పిట్టలకు ఈ గట్టి కొవ్వు అరగదు. నడుము మీద పసుపు మచ్చ ఉండే ఎల్లో-రంప్డ్ వార్బ్లర్ అనే బుల్లి పిట్ట మాత్రం దాన్ని 80 శాతానికి పైగా అరిగించుకోగలదని 1992లో తేల్చారు. పురుగులు దొరకని చలికాలంలో, మిగతా వార్బ్లర్లు చాలావరకు దక్షిణానికి వెళ్లిపోయాక కూడా, ఇది ఈ కాయలు తింటూ ఉత్తరాననే ఉండిపోగలుగుతుంది. తిని గింజను దూరంగా వేస్తుంది. చెట్టు పెట్టిన ఖర్చు చెట్టుకు ముట్టింది.

ఇప్పుడు మన కట్ఫలం చెట్టు దగ్గరికి వద్దాం. ఉత్తరాఖండ్‌లో దాన్ని కాఫల్ అంటారు. ఎండాకాలంలో నైనీతాల్, అల్మోరా రోడ్ల పక్కన బుట్టల్లో అమ్ముతారు. చిన్న ఎర్రటి పండు, లోపల పెద్ద టెంక, పైన పుల్లతీపి రసం. కోసిన రోజే తినాలి, నిలవ ఉండదు. ఆ పండును భూతద్దం కింద పెడితే పైభాగం నున్నగా ఉండదు, చిన్న చిన్న బుడిపెలు దగ్గర దగ్గరగా పేర్చినట్టు ఉంటుంది. ప్రతి బుడిపె రసంతో నిండి ఉంటుంది. చైనాలో యాంగ్‌మే అని పిలిచి తోటలుగా పెంచే మొరెల్లా రుబ్రా పండు కూడా అంతే, కాకపోతే ఇంకా పెద్దది. అమెరికా కొవ్వొత్తి కాయ మీద గరుకు పొర అన్నాను కదా, అదీ ఈ బుడిపెలే. నిర్మాణం ఒక్కటే. ఒక చెట్టు అందులో రసం నింపింది, ఇంకో చెట్టు కొవ్వు నింపింది. రుచి చూసి, రంగు చూసి ఈ రెండూ అక్కాచెల్లెళ్లని ఎవరూ అనరు. బుడిపెను చూస్తే అనాల్సిందే.

మిగతా లక్షణాలు పుస్తకంలో దొరుకుతాయి, తొందరగా చెబుతాను. చెట్లు లేదా పొదలు. ఆకులు ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి, నలిపితే వాసన. ఆకు మీద చిన్న బంగారు చుక్కల్లాంటి గ్రంథులుంటాయి, ఆ వాసన వాటిదే. పూలకు రేకులు లేవు, రక్షక పత్రాలూ లేవు. పొట్టి కంకుల్లాగా, కాట్కిన్‌లుగా వస్తాయి. పరాగం గాలికి పోతుంది. ఆడపూవులో రెండు ఫలదళాలు, ఒకే గది, అడుగు నుంచి నిటారుగా నిలబడిన ఒకే అండం. ఈ చివరి వాక్యం మాత్రం రాసుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఎక్కువ జాతుల్లో మగచెట్టు, ఆడచెట్టు వేరువేరు. ఇది మనకు కొత్త కాదు. పోతుతాడు వేరు, ముంజలు కాసే తాడు వేరు అని కల్లు గీసేవాళ్ల పిల్లవాడికి బడికి పోకముందే తెలుసు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ మిరికా అనే ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, పెట్టినప్పుడు కూడా దీన్నే పట్టుకున్నాడు. ఆడా మగా వేరు చెట్ల మీద, మగపూవులో నాలుగు కేసరాలు అని లెక్కపెట్టి, కేసరాల లెక్కతో తాను కట్టిన వర్గాల గదుల్లో ఒకదానిలో వేశాడు. అయితే అందులో మిరికా గేల్ అనే జాతి ఉంది. ఉత్తర యూరప్‌లో బురద నేలల్లో పెరుగుతుంది, హాప్స్ రాకముందు అక్కడివాళ్లు బీరులో వాసనకు దీని ఆకే వేసేవాళ్లు. ఆ పొద ఒక ఏడాది మగపూలు పూసి ఇంకో ఏడాది ఆడపూలు పూయగలదు! కేసరాలు లెక్కపెట్టి గదులు కట్టినాయన పద్ధతి ఇట్లాంటి మొక్క ముందు నిలబడదు. ఆయన్ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఒక్క లక్షణాన్నే నమ్ముకుంటే ఎక్కడ కాలు జారుతుందో చూపిస్తున్నాను.

పేరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మిరికా అనేది గ్రీకు మాట. ఆ మాటతో గ్రీకులు పిలిచింది టామరిస్క్ అనే వేరే చెట్టును. ఇంగ్లిష్‌లో మర్టిల్ అన్నారు, అదీ వేరే కుటుంబం. అసలు మర్టిల్ కుటుంబం మన పెరట్లోనే ఉంది: జామ, నేరేడు, నీలగిరి. మన కొవ్వొత్తి చెట్టుకు ఆ మూడింటితో దగ్గరి సంబంధమేమీ లేదు. ఆకు నలిపితే వాసన రావడం ఒక్కటే పోలిక.

ఇప్పుడు అన్నదమ్ముల పంపకాల కథ. లినేయస్ మిరికాలో వేసిన జాతులు ఒక తీరువి కావని తరువాత తరువాత తేలింది. చీల్చాలి. చీలిస్తే మిరికా అన్న పేరు ఎవరికి? మన ఇళ్లల్లో వేరుపడితే అందరికీ ఇంటిపేరు ఉంటుంది. వృక్షశాస్త్రంలో అట్లా కుదరదు. ప్రతి ప్రజాతికి ఒక జాతిని నమూనాగా నిలబెడతారు, ఆ జాతి ఏ భాగంలోకి పోతే పేరు ఆ భాగానికి పోతుంది. ఇక్కడ నమూనా బురద నేలల మిరికా గేల్. దాంతో పాటు కాలిఫోర్నియా జాతి ఒకటి మిగిలింది. పేరు ఈ రెండింటికీ పోయింది. కొవ్వొత్తి పొదలు, కాఫల్, యాంగ్‌మే, ఆఫ్రికా జాతులు, అన్నీ కలిపి దాదాపు 50, ఇంటిపేరు పోగొట్టుకున్నాయి. వాటికి కొత్త పేరు వెతకాల్సి వచ్చింది. 1790లో లూరేరో చైనా జాతికి పెట్టిన మొరెల్లా అన్న పాత పేరు దొరికింది. రాబర్ట్ విల్బర్ అనే అమెరికన్ వృక్షశాస్త్రవేత్త 1994 నుంచి ఈ చీలిక వైపు గట్టిగా వాదించాడు. ఇవాళ ఎక్కువమంది ఒప్పుకున్నారు. నర్సరీల్లో, మందుల పుస్తకాల్లో ఇంకా మిరికా అనే ఉంటుంది. రెండు పేర్లు కనబడితే టెన్షన్ పడకండి, చెట్టు ఒక్కటే.

ఆ పొట్లం ఎక్కడిదాకా వచ్చింది? సరే, మూడో వరుసలో ఉంది. దాని మీద అచ్చేసిన లాటిన్ పేరు ఒకసారి గట్టిగా చదువమ్మా. మిరికా నాగి. విన్నారా? నాగి అనగానే మనకు నాగ, నాగలింగం, ఏదో సంస్కృతం అనిపిస్తుంది. కాదు. నాగి అనేది జపాన్ భాషలో ఒక చెట్టు పేరు. లినేయస్ శిష్యుడు తుంబెర్గ్ జపాన్‌లో ఆ చెట్టును చూసి, 1784లో మిరికా నాగి అని పేరు పెట్టాడు. ఆ చెట్టు మిరికా కాదు, అసలు పూల మొక్కే కాదు! పైన్, సైకస్‌ల వైపుది, వివృతబీజ మొక్క. ఆకులు వెడల్పుగా ఉంటాయి కాబట్టి పొరపాటు జరిగింది. ఇప్పుడు దాని పేరు నాగేయా నాగి. వందేళ్ల తరువాత 1888లో జోసెఫ్ హుకర్ భారతదేశ వృక్షజాలం రాస్తూ మన కాఫల్‌కు ఆ పేరే వాడాడు. హుకర్ పుస్తకం పెద్ద పుస్తకం. అందులో ఉంటే మందుల గ్రంథాల్లోకి, అక్కడి నుంచి పొట్లాల మీదికి వచ్చేస్తుంది. అట్లా మీ చేతిలో ఉన్న హిమాలయ చెక్క మీద జపాన్ శంఖాకార చెట్టు పేరు ఉంది.

సరైన పేరు అప్పటికే ఉంది. 1802, 1803లలో నేపాల్‌లో పనిచేసిన ఫ్రాన్సిస్ బుకానన్ ఈ చెట్టును గుర్తించి రాసిపెట్టుకున్నాడు. అంతకు ముందు టిప్పు పతనమయ్యాక మైసూరు అంతా తిరిగి పంటల వివరాలు రాసిన బుకానన్ ఈయనే. ఆయన పెట్టిన పేరును డేవిడ్ డాన్ 1825లో అచ్చులో ప్రకటించాడు: మిరికా ఎస్కులెంటా. ఎస్కులెంటా అంటే తినదగినది. తిన్నవాడు పెట్టిన పేరు అది, నాకు ఆ పేరే నచ్చుతుంది. ఇప్పుడు మొరెల్లా ఎస్కులెంటా అంటున్నారు.

తప్పు పేరు వల్ల నష్టమేమిటి అంటారా? నాకు జరిగింది చెబుతాను. కొన్నేళ్ల కింద విద్యార్థులకు చూపిద్దామని ఒక ఊళ్లో కట్ఫలం చెక్క కొన్నాను. ఊరు, దుకాణం పేరు అవసరం లేదు. ఇంటికొచ్చి చూస్తే తెల్లగా, పీచుగా ఉంది. కట్ఫలం చెక్క ఎర్రటి గోధుమ రంగు, వగరు, పొడి ముక్కుకు తగిలితే తుమ్ములు వస్తాయి. నస్యంగా వాడేది అందుకే. నేను కొన్నదానికి ఆ గుణం ఒక్కటీ లేదు. అడిగితే దుకాణదారు పొట్లం మీది లాటిన్ పేరు చూపించాడు, పేరుంది కదా సార్ అన్నాడు. ఆయన తప్పు అనలేను. ఆకూ పూవూ లేని చెక్కను చూసి ఆయన మాత్రం ఏం తేలుస్తాడు? పేరు మీద నమ్మకం పెట్టుకున్నాడు, ఆ పేరేమో జపాన్ చెట్టుది. ఆ రోజు చాలా బాధపడ్డాను. ఎవరో దగ్గుకు వాడుకుందామని డబ్బులు పెట్టి కొనేది అదే కదా.

ఈ చెక్క గురించి ఇంకొక్క మాట. 1896లో పెర్కిన్, హమ్మెల్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు దీని నుంచి పసుపు రంగు పదార్థాన్ని విడదీశారు. మిరిసెటిన్ అని పేరు. ఇవాళ టీ గురించి, ద్రాక్ష గురించి రాసేవాళ్లు తరచుగా వాడే మాట అది. ఆ పేరులోని మిరి ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఈ చెట్టు నుంచే.

ఇక కుటుంబాన్ని ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్న. మీరు డిగ్రీలో చదివేది బెంథామ్, హుకర్ వర్గీకరణ. వాళ్లు రేకులు లేని ఏకలింగ పూలన్నీ ఒక శ్రేణిలో కట్టారు, యూనిసెక్సువేల్స్ అని. ఆ మూటలో ఆముదం ఉంది, మర్రి ఉంది, సరుగుడు ఉంది, మిరికా ఉంది. మూట విప్పి చూస్తే కొన్ని నిజంగా చుట్టాలు, కొన్ని దారిలో ఎక్కినవాళ్లు. జర్మనీలో ఎంగ్లర్ ఇంకోలా ఆలోచించాడు. రేకులు లేవు, గాలికి పరాగం పోతుంది, ఇంత సాదాగా ఉన్నాయంటే ఇవే పూల మొక్కల్లో అన్నిటికన్నా పాతవి అన్నాడు. తరువాతివాళ్లు కాదన్నారు. సాదాగా ఉండటం వేరు, ఉన్నవి వదిలేసుకుని సాదాగా మారడం వేరు. గాలితో పని జరిగినప్పుడు రేకులెందుకు, తేనె ఎందుకు? వదిలేశాయి. 1981లో అమెరికన్ వృక్షశాస్త్రవేత్త క్రాంక్విస్ట్ మిరికేసీకి విడిగా మిరికేల్స్ అనే క్రమమే ఇచ్చాడు. క్రమం అంటే కుటుంబం కన్నా పై మెట్టు.

1990ల్లో డీఎన్ఏ చదవడం మొదలయ్యాక గొడవ చాలావరకు సద్దుమణిగింది. 1998లో ఏపీజీ అనే, పూల మొక్కల వంశవృక్షం కట్టే శాస్త్రవేత్తల బృందం మిరికేసీని ఫాగేల్స్ క్రమంలో చేర్చింది. ఇప్పటి లెక్కలో ఆ క్రమంలో ఏడు కుటుంబాలు. ఓక్ కుటుంబం, అక్రోట్ కుటుంబం, హిమాలయాల భోజపత్రం ఉన్న బిర్చ్ కుటుంబం, మిరికేసీ, ఇంకా... సరుగుడు. అవును, మీ చేతిలోని సర్వి కొమ్మ. ఆముదం మూట దిగిపోయింది, మర్రి వేరే క్రమానికి పోయింది, సరుగుడు మాత్రం మిరికా పక్కనే ఉండిపోయింది. బెంథామ్, హుకర్ పక్కపక్కన రాసిన ఆ రెండు పేర్లూ ఇవాళ్టికీ పక్కపక్కనే ఉన్నాయి. వాళ్ల చూపుకు దండం పెట్టాలి.

ఇప్పుడు ఆ కొమ్మ ఎవరి దగ్గరుందో వాళ్లు ఒక పని చేయండి. పైన్ సూదుల్లాగా ఉన్న పచ్చటి పుల్లల్లో ఒకటి తెంపండి. దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుంటే సన్నటి గీతలు, మధ్య మధ్య కణుపులు కనబడతాయి. కణుపు దగ్గర మెల్లగా లాగండి, రైలు పెట్టెలు ఊడినట్టు ఊడుతుంది. ఊడిన చోట చుట్టూ కిరీటంలాగా బుల్లి పళ్లున్నాయా? లెక్కపెట్టండి. ఆరా, ఏడా? ఎనిమిది దాకా ఉంటాయి. అవే ఆకులు! మనం ఆకు అనుకునేది కాండం. గట్టి సెంట్రింగ్ కట్టెలకు వాడే చెట్టు ఇంత సున్నితంగా ఉంటుందని దగ్గరగా చూస్తే తప్ప తెలియదు. దీన్ని పైన్ అనుకునేవాళ్లు ఎంతోమంది. మగపూవులో ఒక్కటే కేసరం, రేకులు లేవు, గాలి పని. మిరికా కథే ఇంకాస్త ముందుకు పోయింది.

అసలు చుట్టరికం మాత్రం మట్టి కింద ఉంది. పల్లి మొక్క తెచ్చింది దానికోసమే. వేళ్ల మీద చిన్న గుండ్రటి బుడిపెలు చూడండి. ఒకదాన్ని గోటితో చీల్చండి, లోపల గులాబీ రంగు. అందులో రైజోబియం ఉంటుంది, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. మన ఎర్ర చెలకల్లో పల్లి, కంది బతికి బట్టకట్టడానికి ఆ బుడిపెల సాయం పెద్దది. రైతుకు ఇది కొత్త పాఠం కాదు. మిరికా, సరుగుడు వేళ్లకూ బుడిపెలుంటాయి, కాకపోతే గుండ్రంగా కాదు. కొమ్మలు కొమ్మలుగా చీలి, పగడపు ముద్దలాగా, ఏళ్ల తరబడి పెరుగుతాయి. వాటి కొసల నుంచి సన్నటి వేళ్లు పైకి పెరుగుతాయి. వేరు పైకి పెరగడం ఎక్కడైనా చూశారా? ఇక్కడ చూడొచ్చు. గాలి అందడానికని అనుకుంటారు. లోపల ఉండేది రైజోబియం కాదు, ఫ్రాంకియా. పోగులు పోగులుగా పెరిగే బాక్టీరియా. 1886లో బ్రుంకోర్స్ట్ తన గురువు ఫ్రాంక్ పేరు మీద దానికి ఆ పేరు పెట్టాడు, అప్పుడది బూజు అనుకున్నారు.

పేరు పెట్టారు గానీ దాన్ని బుడిపె బయట, గాజు గిన్నెలో పెంచడం ఎవరి వల్లా సరిగా కాలేదు. 92 ఏళ్లు! 1978లో అమెరికాలో కాలహాన్, డెల్ ట్రెడిచి, టోరీ అనే ముగ్గురు సాధించారు. ఏ మొక్క బుడిపె నుంచి తీశారో తెలుసా? కాంప్టోనియా పెరిగ్రినా. మిరికేసీలో మూడో ప్రజాతి అది. ఆకు ఫెర్న్ ఆకులాగా అంచులు చీలి ఉంటుంది, ఈ కుటుంబంలో పత్రపుచ్ఛాలు, అంటే ఆకు కాడ మొదట్లో ఉండే చిన్న ఆకుల్లాంటివి, ఉన్నది దీనికే. లండన్ బిషప్ కాంప్టన్‌కు మొక్కలంటే ప్రాణం, ఆయన పేరు పెట్టారు. ఒకప్పుడు దీని బంధువులు ఉత్తరార్ధగోళం అంతా ఉండేవని శిలాజ ఆకులు చెబుతున్నాయి. ఇవాళ ఒక్క జాతి మిగిలింది. ఆ మిగిలిన ఒక్కటే తొంభై రెండేళ్ల చిక్కుముడి విప్పింది.

సరుగుడు తన ఫ్రాంకియాను ఏరుకుంటుంది, అందరినీ రానివ్వదు. మొరెల్లా జాతులు రకరకాల ఫ్రాంకియాలకు తలుపు తీస్తాయి. 1995లో ఇంకో సంగతి తేలింది. బుడిపెలతో నత్రజని పట్టే పూల మొక్కలన్నీ, పల్లి వైపువైనా ఫ్రాంకియా వైపువైనా, ఒకే పెద్ద శాఖలో ఉన్నాయి. ఆ శాఖలో నాలుగు క్రమాలు. పల్లి, కంది ఉన్న క్రమం, గుమ్మడి ఉన్న క్రమం, మర్రి, రేగు ఉన్న క్రమం, కొవ్వొత్తి చెట్టు, సరుగుడు ఉన్న క్రమం. మన పిల్లలమర్రికి, చేన్లో పల్లికి, హిమాలయాల కాఫల్‌కు ఉమ్మడి పూర్వీకులున్నారు. నేను మొదటిసారి ఈ వంశవృక్షం చూసినప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నత్రజని పట్టే ఈ శక్తి అన్నిచోట్లా మంచే చేస్తుందని మాత్రం అనుకోకండి. కానరీ, అజోర్స్ దీవుల మొరెల్లా ఫాయాను 19వ శతాబ్దంలో హవాయికి తీసుకెళ్లారు. అగ్నిపర్వతం కక్కిన కొత్త నేలలో నత్రజని దాదాపు ఉండదు, అక్కడి చెట్లు ఆ పేదరికానికి అలవాటు పడినవి. ఫాయా వచ్చి నేలలో చేరే నత్రజనిని సుమారు నాలుగు రెట్లు చేసిందని 1987లో పీటర్ విటూసెక్ బృందం చూపించింది. నేల బలపడింది కదా మంచిదే అంటారా? ఆ బలంతో బయటి మొక్కలు వచ్చి కూర్చుంటాయి, స్థానికులకు చోటుండదు. మనకు దీన్ని వివరించాల్సిన పని లేదు. మన చెరువు కట్టల మీద, బీడు భూముల్లో సర్కారు తుమ్మను చూస్తున్నాం. బయటి నుంచి తెచ్చింది, వేళ్లకు బుడిపెలున్నది, ఏ నేలలోనైనా పెరిగేది.

ఇంకొక్కటి మిగిలింది, నాలుగో ప్రజాతి. ఆస్ట్రేలియాకు తూర్పున న్యూ కాలెడోనియా దీవి. నికెల్ నిండిన నేలల్లో కెనకోమిరికా మోంటికోలా అనే ఒకే జాతి. దీని ఆడపూవులో వట్టిపోయిన కేసరాలుంటాయి, మిగతా కుటుంబంలో లేని గుణం. అసలిది ఈ కుటుంబమేనా అని సందేహించారు. 2006లో డీఎన్ఏ చూసి ఈ ఇంటిదే అని ఖాయం చేశారు, కాకపోతే అందరికన్నా ముందే వేరుపడిన శాఖ. మీరు రాసుకున్న ఆ ఒక్క అండం వాక్యం గుర్తుందా? ఒకే గది, అడుగు నుంచి నిటారుగా ఒకే అండం. కెనకోమిరికాలోనూ అదే. కేసరాలు తికమక పెట్టాయి, అండం పెట్టలేదు.

వెనుక నుంచి ఒకమ్మాయి చెయ్యెత్తింది. అడుగమ్మా. (కాఫల్ మొక్క తెచ్చి ఇక్కడ పెంచొచ్చా సార్ అని ప్రశ్న.) మంచి ప్రశ్న. దానికి కొండల చల్లదనం కావాలి, వెయ్యి, రెండు వేల మీటర్ల ఎత్తు. మన మే నెల ఎండకు తట్టుకోదు. నాటి ఎండబెట్టడం కన్నా, సెలవుల్లో ఉత్తరాఖండ్ వెళ్లే అవకాశం వస్తే అక్కడే బుట్టలోంచి ఒక గుప్పెడు కొనుక్కుని తినండి. టెంక ఉమ్మేయకుండా కడిగి తీసుకురండి, మన ల్యాబ్‌లో పెడదాం. కూడా ఒక చిన్న కొమ్మ, ఆకులతో సహా, పాత పేపర్‌లో నొక్కి తెండి. లేబుల్ మీద నాగి అని మాత్రం రాయకండి.

రేపు పొద్దున ఏడింటికి వీలున్నవాళ్లు రండి. ఊరి బయట పాత సర్వి తోట ఉంది, రైతు దగ్గర అనుమతి తీసుకున్నాను. ఒక చెట్టు పక్కన జానెడు లోతు తవ్వి బుడిపెలు వెతుకుదాం. చిన్న గడ్డపార నేను తెస్తాను, నీళ్ల సీసా, భూతద్దం మీరు తెచ్చుకోండి. సన్న వేర్లు తెగకుండా చేత్తోనే మట్టి తీయాలి, కాబట్టి తొందర పనులున్నవాళ్లు రావద్దు.